కేటీలో రాని విద్య

మా ఇంజనీరింగ్ హాస్టల్ బ్యాచ్‌కి ఇప్పటికీ ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. పుట్టినరోజులు, పిల్లల ఫొటోలు, రిఫరల్ అడుక్కోవడాలు. వీటి మధ్యలో రెండు మూడు నెలలకోసారి ఎవడో ఒకడు 2005 నాటి 'నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్' వీడియో ముక్క పడేస్తాడు. వెండి, నీలం రంగుల బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్, వెనకాల తరుముకొస్తున్న పోలీసు కార్ల మంద, ఊరంతా పరుచుకున్న ఆ పసుప్పచ్చని వెలుగు. "అలాంటి గేమ్ మళ్ళీ రాలేదు మామా" అని ఒకడంటాడు. "ఈఏ వాడు నాశనం చేశాడురా. మళ్ళీ బ్లాక్ బాక్స్ వాళ్ళ చేతికిచ్చేస్తే సెట్ అయిపోద్ది" అని ఇంకొకడు. అందరూ బొటనవేళ్ళు పెట్టేసి పడుకుంటారు.

మొన్న ఊరుకోలేక, "బ్లాక్ బాక్స్ లేదురా, 2013లోనే మూసేశారు" అని రాశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు అడిగాడు: "మరి ఇప్పుడెవరు చేస్తున్నారు?"

ఎవరూ చేస్తున్నట్టు లేదు. 2022 డిసెంబరులో వచ్చిన 'అన్‌బౌండ్' తర్వాత కంప్యూటర్ మీదా కన్సోల్ మీదా కొత్త నీడ్ ఫర్ స్పీడ్ రాలేదు. అది చేసిన క్రైటీరియన్ స్టూడియోని పూర్తిగా 'బ్యాటిల్‌ఫీల్డ్' అనే యుద్ధం గేమ్ పనిలో పెట్టారు. 1994 నుంచి నడుస్తున్న, 15 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైన సిరీస్ ఇది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (మనందరి నోట్లో ఈఏ) బీరువాలో ఇప్పుడది ఒక పేరుగా మాత్రం మిగిలి ఉంది.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందంటే గేమర్లు రెండు రకాల జవాబులు చెప్తారు. ఒకటి, మంచి నాయకుడు వెళ్ళిపోయాడు, చెడ్డ నాయకుడు వచ్చాడు. రెండు, ఫలానా స్టూడియోకి తిరిగి ఇచ్చేస్తే అంతా బాగుపడుతుంది. రెండూ తప్పే అని నా వాదన. రెండూ సినిమా కథలు. మొదటిదాంట్లో విలన్ ఉన్నాడు, రెండోదాంట్లో హీరో రీఎంట్రీ ఉంది. అసలు జరిగింది చెప్పడానికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఎవరికైనా తెలిసిన ఒక మాట చాలు: కేటీ.

కేటీ అంటే తెలుసు కదా. పాత ఉద్యోగి వెళ్ళిపోయే ముందు కొత్తవాడికి పని అప్పజెప్పే రెండు వారాల తంతు. నాలుగు కాల్స్, ఒక డాక్యుమెంటు, "ఏమన్నా డౌట్స్ ఉంటే పింగ్ చేయి బ్రో" అనే అబద్ధం. ఆ రెండు వారాల్లో ఏం అందుతుందో, ఏం అందదో మనందరికీ అనుభవమే. ఫైళ్ళు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఆ ఫైలు అలా ఎందుకు రాశారో, అంతకుముందు ఎన్నిసార్లు వేరేలా రాసి దెబ్బతిన్నారో తెలియదు.

రేసింగ్ గేమ్‌లో ఆ తెలియని భాగమే గేమంతా. మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడు బండి వెనక భాగం ఎంత జారాలి, ఎంతకి పట్టుకోవాలి, బరువు ముందు చక్రాల మీదకి ఎప్పుడు రావాలి. ఇవన్నీ కోడ్‌లో అంకెలే. ఆ అంకెల్ని నెలల తరబడి మార్చి, ఆడి, తిట్టుకుని, మళ్ళీ మార్చినవాళ్ళ చేతుల్లో ఆ జ్ఞానం ఉంటుంది. హాస్టల్లో మా రూమ్మేట్ కళ్ళు మూసుకుని కూడా బాణం గుర్తుల మీద వేళ్ళు ఆడించి, "ఇక్కడ బ్రేక్, ఇక్కడ వదిలెయ్" అనేవాడు. ఆడేవాడి వేళ్ళకే అంత గుర్తుంటే, చేసినవాళ్ళకి ఎంత గుర్తుండాలి! అది డాక్యుమెంటులోకి ఎక్కదు.

ఒక విషయం ముందే ఒప్పుకోవాలి. నాయకత్వం మారడం దానంతటదే పాపం కాదు. మార్పే లేకపోతే మనం పూజించే ఆ గేములు కూడా ఉండేవి కావు. మొదటి నీడ్ ఫర్ స్పీడ్‌ని 1994లో ఈఏ కెనడా వాళ్ళు 'రోడ్ అండ్ ట్రాక్' అనే కార్ల పత్రికతో కలిసి చేశారు. ఖరీదైన స్పోర్ట్స్ కార్లు, అందమైన రోడ్లు, కార్ల గురించి కొంచెం పాఠంలాంటి గౌరవం. 2000లో వచ్చినదైతే మొత్తం పోర్షే కార్ల మీదే. 2002లో ఈఏ వాంకూవర్‌లోని బ్లాక్ బాక్స్‌ని కొనేసింది. కొత్త టీమ్ 2003లో 'అండర్‌గ్రౌండ్' తెచ్చింది. పోర్షేలు పోయాయి, రాత్రి వీధులు, నియాన్ లైట్లు, మార్పులు చేయించిన జపాన్ కార్లు వచ్చాయి. పాత అభిమానుల్లో కొందరు గుండెలు బాదుకున్నారు. మిగతా ప్రపంచం ఎగబడింది. మన ఇంటర్నెట్ కేఫుల్లో, హాస్టల్ గదుల్లో నీడ్ ఫర్ స్పీడ్ అంటే ఇదే అనుకుని పెరిగినవాళ్ళం మనం. అంటే మన 'ఒరిజినల్' కూడా ఒక నాయకత్వ మార్పుకి పుట్టిన బిడ్డే.

కాబట్టి "ఎవరు మారారు" అని అడిగితే లాభం లేదు. మారినప్పుడు పాతవాళ్ళ దగ్గరున్నది ఏమైంది, కొత్తవాళ్ళకి ఎంత టైమ్ ఇచ్చారు అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని లెక్క చూద్దాం.

బ్లాక్ బాక్స్ 2003 నుంచి 2008 దాకా ఏటా ఒక నీడ్ ఫర్ స్పీడ్ చేసింది. అండర్‌గ్రౌండ్, అండర్‌గ్రౌండ్ 2, మోస్ట్ వాంటెడ్, కార్బన్, ప్రోస్ట్రీట్, అండర్‌కవర్. ఆరేళ్ళు, ఆరు గేములు. మొదటి మూడింటికి పేరొచ్చింది. తర్వాత అలసట కనిపించడం మొదలైంది. ప్రోస్ట్రీట్‌లో అసలు పోలీసులే లేరు, రేసులన్నీ ట్రాకుల మీదికెళ్ళాయి. అండర్‌కవర్ మళ్ళీ మోస్ట్ వాంటెడ్‌లా ఉండాలని ప్రయత్నించి, హడావుడిగా అతుకులేసిన బట్టలా వచ్చింది. విమర్శకులు ఉతికేశారు. 2008 డిసెంబరులో, ఆ గేమ్ వచ్చిన కొద్ది వారాలకే, ఈఏ ఉద్యోగాల కోతలు ప్రకటించి బ్లాక్ బాక్స్ ఆఫీసు ఎత్తేసి బర్నబీలోని పెద్ద క్యాంపస్‌లో కలిపేసింది.

అప్పటి సీఈఓ జాన్ రికిటెల్లో బహిరంగంగానే ఒప్పుకున్నాడు: ఒకే టీమ్‌ని ఏళ్ళ తరబడి ఏడాదికో గేమ్ చొప్పున ఊపిరాడకుండా పరిగెత్తించాం, ఇకపై టీములకి రెండేళ్ళు ఇస్తాం అని. నిజాయితీగానే అన్నాడనుకుందాం. కానీ ఆయన 2007లో సీఈఓ అవ్వకముందు, 1997 నుంచి 2004 వరకు అదే కంపెనీకి ప్రెసిడెంటు. ఏటా ఒకటి అనే ఆ పరుగు మొదలైనప్పుడు పైనున్నవాళ్ళలో ఆయనా ఉన్నాడు. పరుగు పెట్టమన్నవాడు పై కుర్చీలోకి తిరిగొచ్చాడు. పరిగెత్తినవాళ్ళ ఆఫీసు మూతబడింది.

నాయకత్వ మార్పు అనే మాటలో ఉన్న మోసం ఇదే. పైన మారితే దాన్ని వ్యూహం అంటారు. కింద మారితే ఖర్చు తగ్గించడం అంటారు. కానీ గేమ్ ఉండేది కిందే.

తర్వాతి నాలుగేళ్ళు చూడండి. 2009లో 'షిఫ్ట్' అని సీరియస్ ట్రాక్ రేసింగ్ గేమ్, లండన్‌లోని స్లైట్లీ మ్యాడ్ స్టూడియోస్ చేసింది. 2010లో 'హాట్ పర్సూట్', ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో ఉన్న క్రైటీరియన్ చేసింది. అదే ఏడాది 'వరల్డ్' అనే ఆన్‌లైన్ గేమ్. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్ దాకా కథతో నడిచే 'ది రన్', బ్లాక్ బాక్స్ చివరి ప్రయత్నం. 2012లో క్రైటీరియన్ చేసిన, 2005 నాటి గేమ్ పేరునే మళ్ళీ పెట్టుకున్న 'మోస్ట్ వాంటెడ్'. ఒకే ఇంటిపేరు, వేర్వేరు కుటుంబాలు.

ఇక్కడ మన సాహిత్యం నుంచి ఒకటి గుర్తొస్తుంది. గొలుసు నవల. ఒక్కో అధ్యాయం ఒక్కో రచయిత రాసే ఆ ఆట తెలుగు పత్రికలకు బాగా తెలుసు. దానికి ఒకే ఒక్క నియమం ఉంటుంది: నీ అధ్యాయం రాసే ముందు, ముందు అధ్యాయాలు చదవాలి. హీరోయిన్‌ని చంపినవాడు చంపాడు, నచ్చకపోయినా నువ్వు ఆ చావు దగ్గర్నించే మొదలుపెట్టాలి. నీడ్ ఫర్ స్పీడ్ ముందు అధ్యాయం చదవని గొలుసు నవల. ప్రతి రచయితకీ సంపాదకుడు చెప్పిన మాట ఒక్కటే: "పాతది మర్చిపో, కొత్తగా మొదలుపెట్టు, టైటిల్ మాత్రం ఇదే ఉంచు."

వీళ్ళలో హాట్ పర్సూట్ చేసిన క్రైటీరియన్ మాత్రం అద్భుతంగా రాసింది, కాదనను. కారణం మాయ కాదు. వాళ్ళు అప్పటికే 'బర్న్‌అవుట్' అనే తమ సొంత సిరీస్‌లో ఏళ్ళ తరబడి వేగం ఎలా ఉండాలో, గుద్దుకుంటే ఎలా ఉండాలో చేతులతో నేర్చుకున్నవాళ్ళు. ఆ చేతుల్ని అలాగే తీసుకొచ్చి ఈ పేరు కింద పెట్టారు. టీమ్ చెదరలేదు, జ్ఞాపకం చెదరలేదు. అందుకే అది బాగుంది. కానీ ఆ జ్ఞాపకం బర్న్‌అవుట్‌ది. బ్రేక్ మీద ఒక్క తట్టు తడితే బండి ఇట్టే జారిపోయే ఆ పద్ధతి అక్కడిదే. అప్పటినుంచీ నీడ్ ఫర్ స్పీడ్ అభిమానులు రెండు కులాలుగా చీలి కొట్టుకుంటున్నారు. రెండు వైపులా ఎవరికీ తెలియని సంగతేంటంటే, వాళ్ళు రెండు వేర్వేరు సిరీస్‌ల గురించి మాట్లాడుకుంటున్నారు.

2012లో మొత్తం నీడ్ ఫర్ స్పీడ్ బాధ్యత క్రైటీరియన్‌కే అప్పజెప్పామని ఈఏ ప్రకటించింది. హమ్మయ్య, ఇల్లు దొరికింది అనుకున్నాం. ఏడాది గడిచిందో లేదో, 2013 సెప్టెంబరులో, క్రైటీరియన్ నుంచి సుమారు 60 మందిని ఘోస్ట్ గేమ్స్ అనే ఇంకో స్టూడియో కిందికి మార్చేశారు. క్రైటీరియన్‌లో ఇరవై మంది కూడా మిగల్లేదు. అదే నెలలో ఈఏకి ఆండ్రూ విల్సన్ కొత్త సీఈఓ అయ్యాడు. 2014 జనవరిలో క్రైటీరియన్‌ని నడిపించిన అలెక్స్ వార్డ్, ఫియోనా స్పెర్రీ బయటికెళ్ళిపోయారు. బ్లాక్ బాక్స్ ఆ మధ్యలోనే మూతపడింది.

ఘోస్ట్ గేమ్స్ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ స్టూడియో. పేరులోనే ఉంది చూడండి. తెలుగులో ఘోస్ట్ రైటర్ల గురించి మనం గుసగుసలాడుకుంటాం. వాళ్ళు బోర్డు మీదే రాసుకున్నారు.

ఇప్పుడు ఒక్క విషయం పట్టుకుని చూద్దాం, నాస్టాల్జియా అనే నింద రాకుండా. పోలీసులు.

2005 మోస్ట్ వాంటెడ్‌లో పోలీసు ఛేజ్ ఎలా ఉండేదో ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నువ్వెంత అల్లరి చేస్తే నీ 'హీట్' అంత పెరుగుతుంది. మొదట మామూలు కార్లు, తర్వాత బారికేడ్లు, ముళ్ళ పట్టీలు, నీ మీదికి ఎదురొచ్చే బరువైన ఎస్‌యూవీలు. దారిలో పెట్రోల్ బంకు కూలగొట్టి వెనకున్నవాళ్ళ మీద పడేయొచ్చు. కంటికి కనబడకుండా తప్పించుకున్నా అయిపోదు, దాక్కుని గుండె దడ తగ్గేదాకా ఆగాలి. నలభై నిమిషాలు పారిపోయి, చివరి సందులో దొరికిపోయి, ఆ బౌంటీ అంతా పోగొట్టుకుని, కుర్చీ తన్నేసి లేచిన మా సీనియర్ ముఖం నాకింకా గుర్తు. ఎవరూ రాయని కథ అది, ప్రతిసారీ కొత్తగా పుట్టేది.

పదేళ్ళ తర్వాత, 2015లో ఘోస్ట్ చేసిన 'నీడ్ ఫర్ స్పీడ్'లో పోలీసులు ఉన్నారు గానీ, నువ్వు కావాలని వెళ్ళి గుద్దితే తప్ప పట్టించుకోనంత సాధువులు. 2017 'పేబ్యాక్'లో ఊళ్ళో తిరిగే పోలీసులే లేరు. కొన్ని మిషన్లలో మాత్రం గీత గీసిన దారి వెంట వెంబడిస్తారు. పదేళ్ళలో కంప్యూటర్లు ఎంత బలపడ్డాయి! 2005లో మా నాసిరకం పీసీ మీద నడిచిన విద్య 2017లో ఎందుకు లేదు? చేతకాక కాదు. ఘోస్ట్ వాళ్ళు తెలివితక్కువవాళ్ళూ కాదు. ఆ విద్య నేర్చినవాళ్ళు వేరే ఖండంలో, వేరే ఆఫీసులో ఉండేవాళ్ళు. ఆ ఆఫీసు మూతబడింది. ఇంజిన్ కూడా మారింది. సైనికులు తుపాకులు కాల్చుకునే బ్యాటిల్‌ఫీల్డ్ కోసం కట్టిన 'ఫ్రాస్ట్‌బైట్' అనే ఇంజిన్ మీద కార్ల గేమ్ చేయాల్సి వచ్చింది. ఇది జ్ఞాపకాల మీద మమకారం కాదు. రెండు గేములూ పక్కపక్కన ఆడి ఎవరైనా సరిచూసుకోవచ్చు.

పేబ్యాక్‌లో ఇంకో ఘనకార్యం ఉంది. బండి బాగుపడాలంటే స్పీడ్ కార్డులనే ముక్కలు కావాలి. రేసు గెలిస్తే మూడింట్లో ఒకటి తీసుకోవాలి, లేదంటే టోకెన్లు వేసి స్లాట్ మెషీన్ తిప్పాలి. కారు మెకానిక్ షెడ్డు బదులు జూదశాల. ఆటగాళ్ళు ఎంత తిట్టారంటే, విడుదలైన కొద్ది రోజులకే ఈఏ ఆ లెక్కలు సవరించాల్సి వచ్చింది. ఈ ఆలోచన బండి నడపడం తెలిసినవాడికి వచ్చి ఉంటుందని నేను నమ్మను. గేముల్లో మళ్ళీమళ్ళీ డబ్బు రాల్చాలని పైఅంతస్తు తహతహలాడుతున్న కాలం అది. అదే నెల అదే కంపెనీ 'స్టార్ వార్స్: బ్యాటిల్‌ఫ్రంట్ 2' లూట్ బాక్సుల మీద ప్రపంచమంతా తిట్లు తింది.

అయినా ఘోస్ట్ నేర్చుకుంది. నాకు ఈ కథలో బాగా కోపం వచ్చేది ఇక్కడే. 2019 నవంబరులో 'హీట్' వచ్చింది. పగలు చట్టబద్ధమైన రేసులు, రాత్రి దొంగ రేసులు. రాత్రిపూట పోలీసులు మళ్ళీ భయపెట్టారు. లూట్ బాక్సులు లేవు. ఆరేళ్ళు, నాలుగు గేములు, బోలెడన్ని తిట్లు తిని ఆ టీమ్ తన చేతుల్లోకి విద్య తెచ్చుకుంది. అభిమానులు చాలా ఏళ్ళ తర్వాత మెచ్చుకున్నారు. మూడు నెలలు తిరిగేసరికి, 2020 ఫిబ్రవరిలో, నీడ్ ఫర్ స్పీడ్‌ని ఘోస్ట్ నుంచి తీసేసి తిరిగి క్రైటీరియన్‌కి ఇస్తున్నట్టు ఈఏ ప్రకటించింది. ఘోస్ట్ అనే పేరే తీసేశారు. ఆ స్టూడియో మళ్ళీ ఈఏ గోథెన్‌బర్గ్ అయింది, ఇతరుల గేములకి ఇంజినీరింగ్ సాయం చేసే పని ఇచ్చారు.

ఆ రోజు గేమర్ల సంబరం నాకు గుర్తుంది, మా గ్రూపుతో సహా. "ఒరిజినల్ వాళ్ళు వచ్చేశారు!" ఏ ఒరిజినల్ వాళ్ళు? హాట్ పర్సూట్ నాటి సారథులు ఆరేళ్ళ కిందటే వెళ్ళిపోయారు. అరవై మందిని ఎత్తి వేరే చోట పెట్టిన చరిత్ర ఆ స్టూడియోది. వచ్చింది పాత బోర్డు. మనం బోర్డుకి దండేసి కొబ్బరికాయ కొట్టాం.

ఆ తర్వాతది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీకు ఇప్పటికే పద్ధతి అర్థమై ఉంటుంది. 2021లో క్రైటీరియన్‌ని 'బ్యాటిల్‌ఫీల్డ్ 2042'కి సాయం చేయమని పంపారు, నీడ్ ఫర్ స్పీడ్ ఏడాది వెనక్కెళ్ళింది. 2022 అక్టోబరులో ప్రకటించి, రెండే నెలల్లో, డిసెంబరు 2న 'అన్‌బౌండ్' విడుదల చేసేశారు. పెళ్ళి శుభలేఖ ముహూర్తం ముందురోజు పంచినట్టు. కార్ల చుట్టూ గ్రాఫిటీ బొమ్మల్లాంటి రేఖలు, పొగ కూడా గీసినట్టుండే కొత్త రూపం. పాతికేళ్ళు దాటిన సిరీస్‌లో నిజంగా తెగువ ఉన్న పని. కొన్ని వారాల్లోనే మాట్ వెబ్‌స్టర్‌తో పాటు క్రైటీరియన్ పెద్దలు ఐదుగురు బయటికొచ్చేశారు. 2023లో స్టూడియోలో ఎక్కువ భాగాన్ని బ్యాటిల్‌ఫీల్డ్ కిందికి మార్చారు. 2025 నాటికి అందరూ అటే. ఈలోగా 120 కోట్ల డాలర్లు పెట్టి, రేసింగ్ గేములకే పేరున్న కోడ్‌మాస్టర్స్‌ని ఈఏ 2021లో కొనుక్కుంది కూడా. రేసింగ్ తెలిసినవాళ్ళని కొనడానికి డబ్బుంది. ఉన్నవాళ్ళని రేసింగ్ మీద ఉంచడానికి మాత్రం మనసు లేదు.

వెళ్ళిన ఐదుగురూ ఫ్యూజ్ గేమ్స్ అని సొంత స్టూడియో పెట్టుకుని, స్టార్ వార్స్ పేరు మీద ఒక రేసింగ్ గేమ్ ప్రకటించారు. వార్డ్, స్పెర్రీ అంతకుముందే త్రీ ఫీల్డ్స్ అని పెట్టుకుని గుద్దుకునే కార్ల గేములు చేశారు. విద్య ఎక్కడికీ పోలేదు. అది మనుషులతో పాటు నడిచెళ్ళిపోయింది. ఈఏ దగ్గర ట్రేడ్‌మార్క్ మిగిలింది.

*

ఇక్కడ ఒక తెలివైన పాఠకుడు అడ్డుపడతాడు. "అంటే ఒక్కడే ఎప్పటికీ కూర్చోవాలా? అది మంచిదా?" అని. మంచి ప్రశ్నే. దానికి నమూనా కూడా ఉంది. జపాన్‌లో కజునోరి యమౌచి. 1997లో మొదటి 'గ్రాన్ టురిస్మో' నుంచి ఈరోజు దాకా ఆ సిరీస్ ఆయనదే, పాలిఫనీ డిజిటల్ ఆయన ఇల్లే. ఫలితం? ఏ గ్రాన్ టురిస్మో తీసుకున్నా, ఒకే మనిషి రాసినట్టు తెలిసిపోతుంది. కార్ల పట్ల ఆ భక్తి, మెనూల్లో ఆ నెమ్మది. చేతికి పాత పరిచయం తగులుతుంది.

కానీ అక్కడా బిల్లు కట్టాల్సి వచ్చింది. నాలుగోది జపాన్‌లో 2004 చివర్లో వస్తే, ఐదోది రావడానికి 2010 నవంబరు అయింది. ఒక మనిషి పట్టుదలకి ఒక తరం ఆటగాళ్ళు ఎదురుచూశారు. 2022లో ఏడోదానికి అప్‌డేట్ ఇచ్చినప్పుడు సర్వర్లు ముప్పై గంటలకు పైగా పడిపోతే, ఒంటరిగా ఆడుకునేవాళ్ళు కూడా ఆడలేకపోయారు. అదే సమయంలో రేసులకిచ్చే బహుమతి సొమ్ము తగ్గించారు. యమౌచి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కుర్చీలో మేధావి ఉన్నంత మాత్రాన మేడ మీది డబ్బు లెక్కలు కిందికి రాకుండా ఆగవు.

కాబట్టి ఒక్కడే రాజ్యమేలాలని నేననడం లేదు. తిట్టడానికైనా అక్కడ ఒక మనిషున్నాడు అంటున్నాను. గ్రాన్ టురిస్మో 7లో ఏదన్నా తప్పైతే యమౌచి వచ్చి మాట్లాడాలి. పేబ్యాక్ స్లాట్ మెషీన్‌కి ఎవరు జవాబుదారీ? చేసిన స్టూడియో పేరే లేదు. సిరీస్‌ని మళ్ళీమళ్ళీ చేతులు మార్చడం వల్ల పైవాళ్ళకి దొరికే పెద్ద లాభం ఇదే అని నాకనిపిస్తుంది. ప్రతి వైఫల్యం పాత టీమ్‌ది, ప్రతి ఆశ కొత్త టీమ్‌ది. మధ్యలో నిర్ణయం తీసుకున్నవాడు ఎప్పుడూ కనపడడు.

ఇంకో అభ్యంతరం: "అది వ్యాపారం బాసూ, గేమే కదా, వదిలేయ్." ఇలా అనేవాళ్ళు ఎక్కువగా మన సాహిత్యం వాళ్ళే. సినిమాకి దర్శకుడెవరో అడుగుతాం. పాటకి రచయిత ఎవరో వెతుకుతాం. అనువాదకుడి పేరు అట్ట మీద వేయలేదని, న్యాయంగానే, యుద్ధాలు చేస్తాం. గేమ్ దగ్గరికొచ్చేసరికి పబ్లిషర్ పేరుతో సరిపెట్టుకుంటాం. "ఈఏ గేమ్" అంటాం. ఒక నవలని ఎవరు రాశారంటే ఎమెస్కో అని చెప్పినట్టుంటుంది అది. మనకి ఆ కుతూహలం లేనంతకాలం, టీమ్‌ని చెదరగొట్టడం వాళ్ళకి ఖర్చులేని పని. ఎందుకంటే ఎవరు పోయారో కొనేవాడికి తెలియదు.

పైగా ఇది దూరదేశపు గొడవేం కాదు. ఈఏకి హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసే ఉంది. అక్కడనే కాదు, ఈ ఊళ్ళో ఏ టవర్లోనైనా సోమవారం పొద్దున "రీఆర్గ్" అనే మెయిల్ వస్తే ఏమవుతుందో మనకి తెలుసు. మేనేజర్ మారతాడు, ప్రాజెక్టు పేరు ఉంటుంది, దాన్ని ఐదేళ్ళు మోసినవాడు "బెంచ్" మీదికెళ్తాడు. కొత్తవాడు వచ్చి మొదటి మీటింగులోనే "ఫ్రెష్‌గా స్టార్ట్ చేద్దాం" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ముళ్ళ పట్టీ మీద టైరు పగిలిన చప్పుడు వినిపిస్తుంది.

2025 సెప్టెంబరులో ఈఏని సౌదీ అరేబియా పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్, సిల్వర్ లేక్, అఫినిటీ పార్ట్‌నర్స్ కలిసి 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. వెంటనే అవే చర్చలు: కొత్త యజమానులు నీడ్ ఫర్ స్పీడ్‌ని బతికిస్తారా, చంపేస్తారా? మా గ్రూపులో కూడా ఒకడు, "అరబ్బులకి కార్ల పిచ్చి కదా, పక్కా తెస్తారు" అన్నాడు. తేవచ్చు. పేరు ఉంది కదా, ఎప్పుడైనా తేవచ్చు. నా ప్రశ్న అది కాదు. ఎవరి చేతులతో తెస్తారు? ఆ చేతుల్ని మొదటి గేమ్ తర్వాత, అది ఆడకపోయినా సరే, రెండో గేమ్‌కీ ఉంచుతారా? హీట్ లాంటిది ఒకటి చేసి నేర్చుకున్నాక, మూడు నెలలకే బోర్డు పీకేయకుండా ఉంటారా?

సీఈఓ మారితే నేను సంబరపడను, ఏడవను కూడా. గేమ్ పూర్తయ్యాక నడిచే క్రెడిట్స్‌ని స్కిప్ చేయకుండా చూడటం మొదలుపెట్టాను. రాతలో కూడా ఒక నియమం పెట్టుకున్నాను: గేమ్ గురించి రాసేటప్పుడు స్టూడియో పేరు, నడిపించినవాళ్ళ పేర్లు లేకుండా ఒక్క పేరా కూడా రాయకూడదని. ఇలాంటి పత్రికల్లో గేముల గురించి రాసే మిగతావాళ్ళు కూడా అలా రాస్తే, కనీసం ఎవరు పోయారో మనకి పోయినరోజే తెలుస్తుంది. పన్నెండేళ్ళ తర్వాత వాట్సాప్‌లో కాదు.

గ్రూపులో నేను ఈ కథంతా టైప్ చేసి పెట్టాను. చాలాసేపు నీలం టిక్కులు తప్ప ఏమీ లేదు. చివరికి ఆ కుర్చీ తన్నిన సీనియర్ రాశాడు. పోయిన నెలే వాళ్ళ టీమ్ మొత్తాన్ని మార్చేశారట. పదకొండేళ్ళ ప్రాజెక్టు.

"రెండు వారాలు కేటీ ఇచ్చాను రా," అన్నాడు. "వాడికి ఒక్క ముక్క కూడా ఎక్కలేదు. వాడి తప్పు కాదులే."